చవక మదర్‌బోర్డును ముప్పయ్యో నిమిషంలో చూడండి

చవక మదర్‌బోర్డు మంచిదా కాదా అని అడిగితే చాలామంది ఒక స్కోరు చూపిస్తారు. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి నడిపి, వచ్చిన అంకెను ఖరీదైన బోర్డు అంకె పక్కన పెట్టి, "చూశారా, పెద్ద తేడా ఏమీ లేదు" అంటారు. ఆ అంకె అబద్ధం కాదు. అయితే ఆ పరీక్ష చాలాసార్లు ఏసీ గదిలో, క్యాబినెట్ లేకుండా టేబుల్ మీద పరిచిన బోర్డు మీద, నాలుగు నిమిషాల్లో ముగిసిపోతుంది. మన ఇళ్లలో కంప్యూటర్ ఉండే చోటు వేరు. మూడు వైపులా చెక్క బిగించిన కంప్యూటర్ టేబుల్ అరలో, ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్‌లో, మే నెలలో నలభై డిగ్రీలు దాటిన గదిలో అది పని చెయ్యాలి. పరీక్ష కూడా అక్కడే, అంతసేపూ జరగాలి. అలా జరగని పరీక్షను నమ్మి బోర్డు కొనకూడదని, అలాంటి పరీక్షను చూపి బోర్డు అమ్మకూడదని నేను గట్టిగా అంటాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మదర్‌బోర్డు లెక్కలు చెయ్యదు. లెక్కలు చేసేది ప్రాసెసర్. దానికి కావలసిన కరెంటు అందించడం, ర్యామ్‌తో, ఎస్‌ఎస్‌డీతో, గ్రాఫిక్స్ కార్డుతో దాన్ని కలపడం బోర్డు పని. అందుకే ఇంటెల్ ప్రాసెసర్ ఐ3-12100ను చవకైన హెచ్610 రకం బోర్డు మీద పెట్టినా, దానికి ఎన్నో రెట్లు ఖరీదున్న జెడ్690 మీద పెట్టినా ఆఫీసు పని, బ్రౌజింగ్, కోడింగ్ దాదాపు ఒకేలా నడుస్తాయి. బోర్డు ప్రాసెసర్ వేగాన్ని పెద్దగా పెంచలేదు గానీ తగ్గించగలదు. కాబట్టి "ఈ బోర్డు ఎంత ఫాస్ట్?" అని అడిగితే ఉపయోగం లేదు. ఎంత పని పెడితే, ఎంతసేపటికి, ఎంత వేడిలో ఇది ప్రాసెసర్‌కు అడ్డం పడుతుంది అని అడగాలి.

ఆ అడ్డం పడేది ఎక్కడో చెప్తాను. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్. దాని నుంచి ప్రాసెసర్ కోసం బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. మధ్యలో ఈ మార్పిడి చేసే భాగాన్ని వీఆర్ఎం అంటారు. ప్రాసెసర్ సాకెట్ పక్కన వరసగా కనిపించే నల్లటి చిన్న చిప్పులు మాస్ఫెట్లు, వాటి పక్కన చదరంగా ఉండేవి చోకులు, చుట్టూ గుండ్రంగా ఉండేవి కెపాసిటర్లు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ చేసే పనే ఇది కూడా చేస్తుంది. ఎండాకాలంలో అన్ని ఇళ్లలో ఏసీలు వేస్తే ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎలా తన్నుకుంటుందో, ప్రాసెసర్ కోర్లన్నీ ఒకేసారి పనిలో పడితే వీఆర్ఎం కూడా అలాగే తన్నుకుంటుంది.

లెక్క చూడండి. ఐ5-12400కు ఇంటెల్ ఇచ్చిన బేస్ పవర్ (మామూలుగా లాగేది) 65 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ (వేగం పెంచినప్పుడు లాగగలిగేది) 117 వాట్లు. 1.2 వోల్టుల దగ్గర 117 వాట్లంటే దాదాపు 100 ఆంపియర్లు. అరచెయ్యంత కూడా లేని చోటు నుంచి ఆ వంద ఆంపియర్లు పారాలి. మార్పిడిలో పది నుంచి పదిహేను శాతం వృథా అవుతుందనుకుంటే 13 నుంచి 20 వాట్ల వేడి ఆ చిన్న చిప్పుల దగ్గరే పుడుతుంది. ఇక ఐ7-12700 సంగతి. దాని బేస్ పవర్ కూడా 65 వాట్లే, పెట్టె మీద చూస్తే ఐ5కూ దీనికీ తేడా తెలియదు. కానీ గరిష్ఠ టర్బో పవర్ 180 వాట్లు. 65 నుంచి 180కి పోతే కరెంటు సుమారు 2.8 రెట్లు అవుతుంది. మాస్ఫెట్ల నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ భాగం ఏడున్నర రెట్లు దాటుతుంది. చవక బోర్డులో మాస్ఫెట్లు తక్కువ, చాలా వాటికి వేడిని లాగేసే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్ కూడా ఉండదు. ఆ వేడి ఎక్కడికి పోతుంది? బోర్డులోని రాగి పొరల్లోకి, అక్కడి నుంచి క్యాబినెట్‌లోని గాలిలోకి. ఆ గాలే 50 డిగ్రీల దగ్గర ఉంటే ఇక పోదు.

మాస్ఫెట్ల వేడి హద్దు దాటితే (బోర్డును బట్టి 100 డిగ్రీలకు అటూ ఇటూ, లేదా కాస్త పైన) బోర్డు ప్రాసెసర్‌కు ఒక సిగ్నల్ పంపుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా క్లాక్, అంటే తన వేగం తగ్గించేస్తుంది. స్క్రీన్ మీద ఎర్రర్ రాదు, కంప్యూటర్ ఆగిపోదు. పని మాత్రం నెమ్మదిస్తుంది. అందుకే చాలామందికి ఇది జరుగుతోందని కూడా తెలియదు.

ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే షాపు ఒకటి నాకు తెలుసు. అక్కడ ఎడియస్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద పని నడుస్తుంది. ముహూర్తాల సీజన్‌లో సిస్టమ్‌కు రాత్రీ పగలూ ఖాళీ ఉండదు. షాపతను ఐ7-12700 కొన్నాడు, బడ్జెట్ సరిపోక హెచ్610 బోర్డు వేయించుకున్నాడు. హీట్‌సింక్ లేని బోర్డు. "పొద్దున పెడితే మంచిగనే అయితది అన్నా, మధ్యాహ్నం పెడితే సాయంత్రం దాకా గుంజుతది. వైరస్ ఏమన్నా పట్టిందా?" అని నన్ను అడిగాడు. అప్పటికే రెండుసార్లు విండోస్ ఫార్మాట్ చేయించాడు.

రెండరింగ్ (ఎడిట్ చేసినదాన్ని చివరి వీడియో ఫైలుగా మార్చే పని) మొదలుపెట్టించి హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచాను. వేడి, క్లాక్, వాట్లు చూపే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. మొదట్లో కోర్లన్నీ 4 గిగాహెర్ట్జ్ పైన హాయిగా నడిచాయి. ప్రాసెసర్ వేడి కూడా కంగారుపడేంత లేదు. కాసేపటికి క్లాక్ అంకె దబ్బున పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ప్రాసెసర్ చల్లగా ఉండగా క్లాక్ ఎందుకు పడుతోంది? కిందికి స్క్రోల్ చేస్తే పర్ఫార్మెన్స్ లిమిట్ కారణాల పట్టికలో "వీఆర్ థర్మల్ అలర్ట్" అన్న వరస ఎదురుగా "ఎస్" అని ఎర్రగా ఉంది, అంటే వీఆర్ఎం వేడెక్కిపోయిందని. అతని సిస్టమ్‌కు వైరస్ లేదు, విండోస్‌లో తప్పు లేదు. పొద్దున షాపులో గాలి చల్లగా ఉన్నంతసేపు బోర్డు మోయగలిగింది, మధ్యాహ్నానికి చేతులెత్తేసింది. బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లోకి వెళ్లి ఎక్కువసేపు లాగే పవర్ హద్దును 100 వాట్ల దగ్గర కట్టేశాను. సాకెట్ పక్కన మాస్ఫెట్ల వైపు గాలి కొట్టేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టించాను. పైకి చూస్తే ప్రాసెసర్ బలాన్ని తగ్గించినట్టే. కానీ పడుతూ లేస్తూ నడిచే 180 కన్నా నిలకడగా నడిచే 100 వాట్లతో మధ్యాహ్నం రెండర్ ముందుగా పూర్తయింది.

ఈ కథలో బోర్డు కంపెనీని తప్పుపట్టగలమా? పట్టాలనే నేనంటాను, ఎందుకంటే ఆ బోర్డు మీద ఏ ప్రాసెసర్లు నడుస్తాయో కంపెనీయే చెప్పే సపోర్ట్ లిస్టులో ఐ7-12700 ఉంది. చాలా హెచ్610 బోర్డుల లిస్టుల్లో 241 వాట్ల ఐ9-12900కె కూడా కనిపిస్తుంది. సపోర్ట్ అంటే వాళ్ల లెక్కలో సాకెట్‌లో కూర్చుంటుంది, బూట్ అవుతుంది, విండోస్ వస్తుంది అని. కొనేవాడి లెక్కలో మాత్రం ఆ ప్రాసెసర్‌కు పెట్టిన డబ్బు మొత్తానికీ పని వస్తుంది అని. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే ఆ షాపతని డబ్బు పోయింది.

"హెచ్610 మీద ఐ7 ఎవరు వేస్తారు?" అని రివ్యూలు రాసేవాళ్లు అంటుంటారు. మన దగ్గర చాలామంది వేస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొటేషన్ అడిగేవాళ్లను గమనించండి. ఐ5ఆ ఐ7ఆ, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని అడుగుతారు. బోర్డు పేరు అడిగేవాళ్లు తక్కువ. బడ్జెట్ దాటిపోతే షాపువాళ్లు ముందు కోసేది బోర్డు దగ్గర, తర్వాత ఎస్‌ఎంపీఎస్ దగ్గర. కొనేవాళ్లు చూడనిచోటే కోస్తారు, అది వ్యాపారం. అందుకే ఎవరూ చెయ్యకూడని జోడీ మన ఊళ్లలో మామూలు జోడీ అయింది. పరీక్ష చేసేవాళ్లు కూడా ఆ జోడీనే పరీక్షించాలి.

నేను కొత్త బోర్డును ఎలా చూస్తానో చెప్తాను. బయోస్ అప్‌డేట్ చేసి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ ఆన్ చేస్తాను. 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ చాలావరకు అది ఆన్ చేసేదాకా 2400 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది, దాన్ని చూసి బోర్డును తిట్టకూడదు. తర్వాత క్యాబినెట్ మూత బిగిస్తాను. మూత తీసి చేసే పరీక్ష నాకు అక్కర్లేదు. దాన్ని ఎప్పుడూ ఉండే అరలోనే పెట్టి, ఏసీ ఆపేసి, గది వేడి ఎంతుందో రాసుకుంటాను. సినీబెంచ్ ఆర్23లో పది నిమిషాల పరీక్షతో పాటు ముప్పై నిమిషాల పరీక్ష కూడా ఉంటుంది. ఆ ముప్పై నిమిషాలదే నడుపుతాను. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంటుంది. మొదటి అరనిమిషంలో వచ్చే అంకెలను లెక్కచెయ్యను. ఇంటెల్ నియమం ప్రకారం నడిస్తే ఐ5-12400 ఆ ఎక్కువ పవర్‌ను 28 సెకన్ల లెక్కతోనే లాగి తర్వాత 65 వాట్లకు దిగాలి. నాకు కావలసింది ఇరవయ్యో నిమిషం దాటాక క్లాక్ ఎంత, వాట్లు ఎంత, ఏ లిమిట్ ఎర్రబడింది అన్నదే.

అక్కడ పవర్ లిమిట్ ఎర్రబడితే నాకు అభ్యంతరం లేదు. అది ముందే పెట్టుకున్న హద్దు. ప్రాసెసర్ థర్మల్ ఎర్రబడితే కూలర్ చూసుకోవాలి, థర్మల్ పేస్ట్ చూసుకోవాలి. వీఆర్ థర్మల్ ఎర్రబడితే మాత్రం ఆ బోర్డూ ఆ ప్రాసెసరూ కలిసి బతకవు.

చాలా చవక బోర్డుల్లో వీఆర్ఎం వేడి చూపే సెన్సర్ ఉండదు. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కావాలి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ దీనికి పనికిరాదు, అది శరీర ఉష్ణోగ్రత కోసం చేసింది. మెకానిక్‌లు వాడే రకం తీసుకుని, నల్లటి మాస్ఫెట్ మీదో దాని పక్క బోర్డు మీదో గురిపెట్టాలి. మెరిసే లోహం మీద పెడితే అంకె తప్పొస్తుంది. థర్మోకపుల్ వైరు ఉన్న మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది, మూత మూసే ఉంచి చూడొచ్చు.

వచ్చిన అంకె నుంచి గది వేడిని తీసేసి రాసుకోండి. 22 డిగ్రీల గదిలో 85 చూపిన మాస్ఫెట్ 42 డిగ్రీల గదిలో 105 దాకా పోతుంది. నిజానికి ఇంకాస్త పైకే పోతుంది, ఎందుకంటే వేడెక్కిన కొద్దీ మాస్ఫెట్ నిరోధం పెరిగి అదే మరింత వేడి పుట్టిస్తుంది. చల్లటి దేశాల్లో చేసిన రివ్యూలో "85 డిగ్రీలు, పర్వాలేదు" అని చదివి రామగుండంలోనో రెంటచింతలలోనో కొనుక్కుంటే ఏమవుతుందో ఈ కూడిక చెప్తుంది. ఆ రివ్యూ చేసినవాళ్లు మోసం చెయ్యలేదు, వాళ్ల గది వాళ్లది. మన గదుల్లో కొలిచి తెలుగులో చెప్పేవాళ్లు మనకు కావాలి.

ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచే విషయం ఒకటుంది. ప్రాసెసర్‌తో వచ్చే మామూలు కూలర్ గాలిని పైనుంచి కిందికి కొడుతుంది. ఆ గాలి ప్రాసెసర్‌ను దాటి చుట్టూ పరుచుకుని మాస్ఫెట్ల మీదుగా పోతుంది. దాన్ని తీసేసి లిక్విడ్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది, కానీ మాస్ఫెట్ల దగ్గర గాలి ఆగిపోతుంది. హీట్‌సింక్ లేని బోర్డు మీద వేలు పోసి లిక్విడ్ కూలర్ పెట్టుకున్నాక స్కోరు తగ్గినవాళ్లను చూశాను. ప్రాసెసర్ అంకె ఒక్కటే చూస్తే ఇది ఎప్పటికీ అర్థం కాదు. ఆ డబ్బుతో హెచ్610 కన్నా పై రకమైన, హీట్‌సింక్ ఉన్న బి660 బోర్డు వచ్చేది.

బయోస్ సెట్టింగుల సంగతి కూడా చెప్పకుండా స్కోర్లు పోల్చడం తప్పు. ఒక కంపెనీ బోర్డు 65 వాట్ల నియమాన్ని ఖచ్చితంగా పాటిస్తుంది, ఇంకో కంపెనీ బోర్డు హద్దును 4096 వాట్లని పెట్టి వదిలేస్తుంది, అంటే హద్దే లేదని. రెండోదానికి స్కోరు ఎక్కువ వస్తుంది, రివ్యూలో అది గెలుస్తుంది. అది బోర్డు నాణ్యత కాదు, ఒక సెట్టింగ్. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని క్రాష్ అవుతున్నాయన్న గొడవ వచ్చినప్పుడు ఈ డిఫాల్ట్‌ల మీద పెద్ద చర్చే జరిగింది. అసలు సమస్య ప్రాసెసర్‌లోని వోల్టేజ్‌తో ముడిపడిందని తర్వాత తేలి ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్ అయిన మైక్రోకోడ్‌ను మార్చారు గానీ, బోర్డు కంపెనీలు బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగులను ముందుకు తేవడం ఆ గొడవ నడుమే జరిగింది. ఇంకో ప్రాసెసర్ కంపెనీ ఏఎండీ వాడే ఏఎం4 సాకెట్ వైపు ఈ తలనొప్పి కొంత తక్కువ. 65 వాట్ల రైజెన్ 5 5600జికి సాకెట్ హద్దు 88 వాట్లు, చవకైన ఎ520 బోర్డు కూడా దాన్ని చాలావరకు తేలిగ్గా మోస్తుంది.

ఇంత చెప్పానని చవక బోర్డులు వద్దనుకోవద్దు. నిజానికి వాటి తరఫునే మాట్లాడుతున్నాను. ఐ3-12100, ఐ5-12400, 5600జి లాంటి వాటికి చవక బోర్డు చాలు, చాలినదానికి పైన పెట్టే డబ్బు వేరేచోట పెడితే ఎంతో మేలు. 5600జి తీసుకుని గ్రాఫిక్స్ కార్డు లేకుండా ఆటలాడే పిల్లవాడికి షాపులో 16 జీబీ ఒకే ర్యామ్ ముక్క పెట్టిస్తారు. డీడీఆర్4-3200లో ఒక్కో చానెల్‌కు సెకనుకు 25.6 జీబీ దారి. రెండు 8 జీబీ ముక్కలు పెడితే 51.2. లోపలి గ్రాఫిక్స్ ఆ దారి మీదే బతుకుతుంది కాబట్టి ఆటలో తేడా కళ్లకు కనిపిస్తుంది. అదే బోర్డు, అదే ప్రాసెసర్, దాదాపు అదే డబ్బు. ఒకే ముక్కతో పరీక్షించి "ఈ బోర్డు గేమింగ్‌కు పనికిరాదు" అని తీర్పు చెప్పడం ఆ బోర్డుకు చేసే అన్యాయం. అలాగే హెచ్610లో ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ పాత తరం పీసీఐఇ 3.0 వేగానిదే ఉంటుంది, సెకనుకు 3500 ఎంబీకి కాస్త అటూ ఇటూ. అక్కడ 7000 ఎంబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి సగమే వస్తోందని బాధపడటం అనవసరం. మామూలు పనికి ఆ 3500 ఎక్కువే.

హెడ్‌ఫోన్‌లో గుయ్యిమనే శబ్దం వస్తే కూడా బోర్డునే తిడతారు. ముందు ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడే ఇళ్లలో ఎంత ఖరీదైన బోర్డు పెట్టినా ఆ శబ్దం పోకపోవచ్చు.

ఆయుష్షు కూడా పనితీరు కిందికే వస్తుందని నా నమ్మకం. చాలా బోర్డుల పెట్టెల మీద సాలిడ్ కెపాసిటర్లు, 5000 గంటలు అని గొప్పగా రాస్తారు. అది 105 డిగ్రీల దగ్గర లెక్క, ఏకబిగిన నడిపితే ఏడు నెలలు కూడా కాదు. 20 డిగ్రీలు చల్లగా ఉంచితే ఆ ఆయుష్షు దాదాపు పది రెట్లవుతుందని కెపాసిటర్ తయారీదార్ల లెక్క. ఖమ్మం షాపులో పెట్టిన ఆ చిన్న ఫ్యాన్ రెండర్ వేగం కన్నా ఎక్కువగా కాపాడింది దీన్నే.

సీలింగ్ ఫ్యాన్‌కు కూడా 2023 నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ అని ఒక గుర్తు ఉంది, అదీ 23 డిగ్రీల గదిలో చేసే పరీక్షే గానీ కనీసం ఒక కొలత అంటూ ఉంది. మదర్‌బోర్డుకు అదీ లేదు. పెట్టె మీద మిలిటరీ గ్రేడ్ అని, డ్యూరబుల్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నాకు కావలసింది ఒక్క వాక్యం: 40 డిగ్రీల గదిలో, మూసిన క్యాబినెట్‌లో, ఈ బోర్డు ఇన్ని వాట్లను గంటల తరబడి ఇవ్వగలదు. ఈ అంకె కంపెనీల దగ్గర ఉండకపోదు, కొలవకుండా ఏ ఇంజనీరూ బోర్డును బయటికి పంపడు. దాన్ని సపోర్ట్ లిస్టులో ప్రాసెసర్ పేరు పక్కన అచ్చు వెయ్యమని అడుగుతున్నాను. ఐ7 పక్కన "90 వాట్ల వరకే" అని ఉంటే ఆ షాపతను ఐ5 కొనుక్కుని మిగిలిన డబ్బుతో ఇంకో ఎస్‌ఎస్‌డీ తీసుకునేవాడు.

అది వచ్చేదాకా పరీక్ష మనమే చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె తెరిచి అటక మీద పెట్టకుండా రిటర్న్ గడువు లోపలే ముప్పై నిమిషాల పరీక్ష చెయ్యండి. గడువు దాటితే మిగిలేది వారంటీ, వేడికి నెమ్మదించడాన్ని పాడవడం కింద సర్వీస్ సెంటర్‌లో ఒప్పించడం కష్టం. షాపులో అసెంబుల్ చేయించుకుంటే విండోస్ ఎక్కేదాకా ఎలాగూ అక్కడే కూర్చుంటారు. సైడ్ ప్యానెల్ బిగించి సినీబెంచ్ నడపమని చెప్పి, బిల్లు కట్టకముందు ఇంకో అరగంట కూర్చోండి.